పిల్లి సాలలో ఉండాలా, ఇంట్లో ఉండాలా?

ప్రశ్న: మాకు రెండు గేదెలు, ఆరు మేకలు ఉన్నాయి. ధాన్యం కొట్టులో ఎలుకల బాధ పడలేక నాలుగు నెలల ఆడ పిల్లికూనను తెచ్చాం. రాత్రిళ్లు సాలలో వదిలితేనే ఎలుకలు పడుతుందని నేనంటాను. ఇంట్లోనే ఉంచుదామని మా అబ్బాయి అంటాడు. కోడలికి ఐదో నెల. చుట్టుపక్కల పొలాల్లో ఎలుకల మందు పెడుతుంటారు. ఏం చెయ్యమంటారు?
– ఒక రైతు, ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: మీ అబ్బాయి మాటే సరైనది. కూనకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకాలు పూర్తయ్యేదాకా గడప దాటనివ్వకండి. ఆ తర్వాత కూడా పగటిపూట, మనుషులు మసలే వేళ దొడ్లోకి వదలండి చాలు. పొద్దుగూకాక ఇంట్లోకి రావాల్సిందే. వీధికుక్కలు, పాములు, రోడ్డు మీద బండ్లు, ఈ మూడింటి ప్రమాదమూ రాత్రిళ్లే ఎక్కువ.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మీరు రాసిన ఎలుకల మందే. బ్రోమాడయోలోన్ బిళ్లలు తిన్న ఎలుక వెంటనే చావదు. మూడు నాలుగు రోజులు మందకొడిగా తిరుగుతుంది. పిల్లికి సులువుగా దొరికేది అదే. అలాంటి ఎలుకలను వరసగా తిన్న పిల్లికి కొన్ని రోజుల తర్వాత చిగుళ్లు పాలిపోతాయి, ముక్కు నుంచో మలంలోనో రక్తం పడుతుంది, ఆయాసం వస్తుంది. దీనికి విరుగుడు విటమిన్ కె1. డాక్టరు చెప్పిన మోతాదులో మూడు నాలుగు వారాలు వాడాలి. కె3 దీనికి పనిచేయదు. ఇక జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలుకల మందుకు విరుగుడే లేదు. ఆ మందు తిన్న ఎలుక కొన్ని గంటల్లోనే చస్తుంది, దాని పొట్టలో మందు ఇంకా మిగిలే ఉంటుంది. పక్క పొలాల వాళ్లు మందు ఎప్పుడు పెడుతున్నారో అడిగి తెలుసుకోండి. పెట్టాక పది పదిహేను రోజులు పిల్లిని పగలు కూడా బయటికి వదలొద్దు. మీ కొట్టులో మాత్రం మందు అసలే వద్దు. పిల్లి, ఎలుకల మందు ఒకే ఇంట్లో ఉండకూడదు.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. గేదెల పిడుదులకు డెల్టామెత్రిన్ లీటరు నీటికి 2 మి.లీ. కలిపి కొడుతుంటారు కదా. గేదె తట్టుకుంటుంది గానీ, ఇలాంటి మందులను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి బాగా తక్కువ. తడి నేల మీద పడుకుని ఒళ్లు నాకిందంటే చొంగ కారుతుంది, వణుకు పుడుతుంది, ఫిట్స్ వస్తాయి. మందు కొట్టిన రోజు సాల పూర్తిగా ఆరేదాకా పిల్లిని గదిలో పెట్టి తలుపు వేయండి. మిగిలిన మందును పేలు పోతాయని పిల్లి ఒంటికి రాయొద్దు. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ చుక్కలు ఇంకా ప్రమాదం. ఒకవేళ ఒంటికి అంటితే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి పశువైద్యశాలకు తీసుకెళ్లండి. ఫినాయిలుతోనూ ఇదే చిక్కు. పిల్లి తిరిగే గదిని దానితో తుడవకండి.

మేకల మాటకొస్తే, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలం ద్వారా దాణాలో చేరితే చూలు మేకలు ఈసుకుపోతాయి. పిల్లి జీవితాంతం దీన్ని విసర్జించదు. మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలే. ఆ మొదటిసారి సాధారణంగా వేట మొదలుపెట్టే కూన వయసులోనే వస్తుంది, అంటే ఇప్పుడే. అందుకే దాణా డ్రమ్ముకు మూత పెట్టండి, గడ్డికుప్ప మీద పడుకోనివ్వకండి.

ఈ పరాన్నజీవి కడుపుతో ఉన్నవాళ్లకూ ప్రమాదమే, అయినా కోడలి గురించి భయపడి పిల్లిని వదిలించుకోనక్కర్లేదు. పిల్లిని నిమిరినంత మాత్రాన ఈ జబ్బు రాదు. మలంలోని ఈ పరాన్నజీవి గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది కాబట్టి, పిల్లి మలవిసర్జనకు పెట్టే ఇసుక తొట్టిని రోజూ ఎత్తిపోస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఆ పని కోడలు కాక ఇంకెవరైనా చేయాలి. తొట్టిని మరిగే నీళ్లతో కడగాలి. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల ద్వారానూ ఇది వస్తుంది, వాటి మీదా దృష్టి పెట్టండి.

మరి ఎలుకల సంగతి? చిట్టెలుకలను, ఎలుక పిల్లలను పిల్లి పడుతుంది. పందికొక్కు జోలికి చాలా పిల్లులు పోవు. పస్తు పెడితే బాగా వేటాడుతుందన్న మాట నిజం కాదు. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది, ఆకలేసిన పిల్లి ఊరు తిరుగుతుంది. కాబట్టి కొట్టు సంగతి మీరే చూసుకోవాలి: పావు అంగుళం దాటిన ప్రతి కన్నాన్ని సిమెంటుతో పూడ్చండి, తలుపు కింద రేకు కొట్టండి, బస్తాలను గోడకు రెండడుగుల ఎడంగా చెక్కల మీద పేర్చండి, రాత్రి బోనులు పెట్టండి. జిగురు అట్టలు మాత్రం వద్దు, కూన వాటికి అతుక్కుపోతుంది.

ఇంట్లో ఉంచడానికి కావలసినవి తక్కువే. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో మూడంగుళాల మందాన పొడి ఇసుక పోసి, తిండి పెట్టే చోటికి దూరంగా, చాటున పెట్టండి. చోటు మార్చకండి. కిటికీలకు మెష్ బిగించండి. తిండి రోజుకు మూడుసార్లు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చేప గానీ కోడిమాంసం గానీ పెట్టండి. ఉడికించిన నీళ్లు పారబోయకండి, గుండెకు, కంటికి అవసరమైన టౌరిన్ అందులోకి దిగుతుంది. ముళ్లు తీసేయాలి. పాలన్నం ఒక్కటే పెడితే చాలదు, పైగా పాలు చాలా పిల్లులకు పారుడు తెస్తాయి. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ. మంచినీళ్లు రెండు మూడు చోట్ల పెట్టండి. రోజూ సాయంత్రం ఒకే వేళకు పళ్లెం తట్టి తిండి పెట్టడం ఇప్పటినుంచే అలవాటు చేయండి. రేపు దొడ్లోకి వదిలాక ఆ చప్పుడుకే ఇంటికొస్తుంది.

రేబీస్ టీకా మూడు నెలలు నిండగానే వేస్తారు, మీ కూనకు ఆ వయసు దాటింది కాబట్టి ఈ వారమే వేయించండి. ఏడాదికొకసారి మళ్లీ వేయించాలి. రేబీస్ కాక పిల్లులకు వచ్చే ఇతర జబ్బుల టీకా మూడు నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు. నులిపురుగుల మందు ఆరు నెలల వయసు వరకు నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. ఎలుకలను తినే పిల్లికి బద్దెపురుగులు కూడా ఉంటాయి, ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు అడగండి. ఆడకూన నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు, చూలు 63–65 రోజులు. ఆపరేషన్ ఐదో నెలలోనే చేయిస్తే మంచిది.

ఇంట్లో ఎవరినైనా కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో, కుళాయి నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. గాయం మీద కారం, సున్నం, పసుపు పెట్టకండి. కూనకు జ్వరం వచ్చిందని పారాసిటమాల్ ముక్క వేయడం కూడా ప్రాణాంతకమే.