వాడు నీ కళ్ళెదుట ఉండాలి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు సైకిల్‌కి బుట్ట బిగించావట, వచ్చే ఆదివారం మీ కుక్కని అందులో ఎక్కించుకుని 30 కిలోమీటర్లు పోయి వస్తావట. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. పక్కింటి కుక్క మొరిగితే పరిగెత్తుకొచ్చి నా వెనకాల దాక్కునేదానివి. అలాంటిదానివి, ఎవరో రోడ్డు మీద వదిలేసిన కుక్కని ఇంటికి తెచ్చుకుని, ఇప్పుడు వాణ్ణి వదిలి సైకిల్ తొక్కడానికి కూడా మనసొప్పడం లేదంటున్నావు. ఎంత మురిసిపోయానో చెప్పలేను. కానీ ఆ మురిపెం వెనకే భయం కూడా వచ్చి కూర్చుంది. ఫోన్‌లో చెబితే సగమే వింటావు, అందుకే రాస్తున్నాను.

నీకు ఈపాటికే తెలిసుండే సంగతులు ముందు చెప్పేస్తాను. బుట్ట ఎంత బరువు మోస్తుందో దానితో వచ్చిన కాగితంలో ఉంటుంది, చూడు. మీవాడు 6 కిలోలన్నావు కదా, మళ్ళీ ఒకసారి తూచు. వాణ్ణి బుట్టకి కట్టే బెల్టుని మెడపట్టీకి తగిలించకు, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌కి తగిలించు. వాడు లేచి కూర్చోడానికీ, ముడుచుకుని పడుకోడానికీ సరిపోయేంత పొడవుంటే చాలు. ఉడతని చూసి దూకబోయినా అంచు దాటకూడదు. మెడపట్టీకి కట్టి ఉండగా దూకితే మెడతోనే వేలాడతాడు. ఇక ముందు బరువుంటే మలుపుల్లో హ్యాండిల్ దానంతటదే పక్కకి లాగుతుంది, బ్రేకు వేసినా బండి ఆగడానికి కాస్త ఎక్కువ దూరం పడుతుంది. అందుకని మొదట అంత బరువున్న ఇసుక సంచిని బుట్టలో పెట్టుకుని రెండు మూడు రోజులు తొక్కు.

ఇంకొకటి. స్టాండు వేసి, వాణ్ణి బుట్టలోనే ఉంచి, తాళం తీయడానికో నీళ్ళ సీసా అందుకోడానికో చేతులు వదలకు. వాడు ఒక్కసారి పక్కకి ఒరిగితే ముందు చక్రం తిరిగి బండి మొత్తం పడుతుంది. 'ఒక్క క్షణమే కదా పెద్దమ్మా' అంటావని తెలుసు. ఆ క్షణం కూడా వద్దు. వాణ్ణి దింపాకే ఏ పనైనా.

30 కిలోమీటర్ల మాట వినగానే కోపం వచ్చిన మాట నిజం. బుట్ట వచ్చి వారం కూడా కాలేదు కదా! ముందు దాన్ని సైకిల్ నుంచి విప్పి ఇంట్లో నేల మీద పెట్టు. వాడే వచ్చి వాసన చూస్తాడు, లోపల వాడికి ఇష్టమైనది ఏదైనా పెట్టు. అందులో కునుకు తీసే రోజు వచ్చాక మళ్ళీ సైకిల్‌కి బిగించు. తర్వాత బండిని నడిపించుకుంటూ ఇంటి ముందు అటూ ఇటూ తిప్పు. ఆ తర్వాత తొక్కు, అదీ అయిదు నిమిషాలే. వాడు ఆవలిస్తే నిద్రొచ్చిందనుకోకు. మాటిమాటికీ పెదాలు నాక్కోవడం, చెవులు వెనక్కి పెట్టడం, కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడటం, ఇవన్నీ వాడికి టెన్షన్‌గా ఉందని చెప్పే గుర్తులే. అలా ఉంటే ఆ రోజుకి అక్కడితో ఆపేయి. నెల పట్టనీ, రెండు నెలలు పట్టనీ.

ఇప్పుడు మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియని సంగతి చెబుతాను.

మా రాజా నీకు గుర్తుండడు. నల్లగా, పొట్టి కాళ్ళతో ఉండేవాడు. అప్పటికి వాడికి తొమ్మిదేళ్ళు. ఎక్కడికి బయల్దేరినా గేటు దాకా వచ్చి ఏడ్చేవాడని, వెనక క్యారియర్ మీద ఒక ప్లాస్టిక్ డబ్బా కట్టాను. దూకకూడదని ఎత్తైన అంచులున్నది చూసి కొన్నాను. ఎంత జాగ్రత్తపరురాలినో అని సంబరపడ్డాను కూడా. నాలుగైదు సార్లు పొద్దున్నే దగ్గర దగ్గరకి వెళ్ళొచ్చాం, ఏమీ కాలేదు. ఒకరోజు ఆలస్యంగా బయల్దేరి, 12 కిలోమీటర్లు వెళ్ళి, తిరిగొచ్చేసరికి ఎండ ఎక్కింది. నాకేమీ అనిపించలేదు. చెమట పడుతోంది, దానికి ఏ కాస్త గాలి తగిలినా హాయిగా ఉంది. తొక్కేది నేను, వాడు కూర్చునే ఉన్నాడు కదా, వాడికేం కష్టం అనుకున్నాను.

నా తప్పంతా ఆ ఆలోచనలోనే ఉంది. మనకి ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకి అరికాళ్ళలో కొద్దిగా తప్ప చెమట పట్టదు, ఒంట్లో వేడి పోవాలంటే నాలుక బయటపెట్టి రొప్పాల్సిందే. ఆ రొప్పడానికి చల్లటి గాలి కావాలి. నేను ఎంతో చూసి కొన్న ఎత్తైన అంచులు ఆ గాలిని ఆపేశాయి. పైగా వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి వీస్తోంది. మనం వెళ్ళే వేగానికి అది దాదాపు సరిపోతే, అసలు గాలి ఆడనట్టే. కింద ప్లాస్టిక్, పైన ఎండ, మధ్యలో వాడు.

వెనకనుంచి రొప్పు వినపడుతూనే ఉంది. సంతోషంలో ఉన్నాడనుకున్నాను. మధ్యలో ఆగి నీళ్ళు పెడితే తాగలేదు, తోక మాత్రం ఒకసారి ఊపాడు. దాహం లేదేమో అనుకుని బండెక్కాను. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. నిద్రపోయాడు పాపం అనుకున్నాను. అలా అనుకుని ఇంకో కిలోమీటరు తొక్కాను. ఆ కిలోమీటరు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

తిరిగి చూసేసరికి పక్కకి పడిపోయి ఉన్నాడు. నాలుక ముదురు ఎరుపు, మూతి నిండా జిగురు జిగురుగా చొంగ, కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. ఎత్తి నిలబెడితే కాళ్ళు నిలవలేదు. తడిగుడ్డ చుట్టేశాను. అదీ పొరపాటేనని తర్వాత డాక్టరు చెప్పారు. గుడ్డని అలాగే ఉంచేస్తే అది వేడెక్కి లోపలి వేడిని బయటికి పోనివ్వదట. చల్లటి నీళ్ళు ఒంటి మీద పోస్తూ, విసురుతూ, దారిలో కూడా అది ఆపకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఆ రోజు రాజాకి 41 దాటింది.

బతికాడు. ఇంకో మూడేళ్ళు నాతోనే ఉన్నాడు. కానీ నేను సైకిల్ బెల్లు మోగించినప్పుడల్లా లేచి ఇంటి వెనక్కి వెళ్ళిపోయేవాడు. గేటు దగ్గర ఏడవడం కూడా మానేశాడు.

అందుకే నాకు మిగతావాటన్నిటికన్నా ఎండ అంటేనే భయం. సూర్యుడు పైకొచ్చేలోపు ఇంట్లో ఉండు, లేదా సాయంత్రం నేల చల్లబడ్డాక బయల్దేరు. నీ చేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడు, అంతసేపు ఆనించలేకపోతే వాణ్ణి అక్కడ దింపకు. పావుగంటకోసారి నీడలో ఆగి నీళ్ళు పెట్టు. తాగకపోతే దాహం లేదని అనుకోవద్దు. మీవాడి ముక్కు పొట్టి అని మీ అమ్మ చెప్పింది. అలాంటి కుక్కలు మామూలుగానే ఊపిరికి కష్టపడతాయి, వాడి విషయంలో అందరికన్నా ముందే ఆగాలి నువ్వు. మబ్బు పట్టినా సరే, ఉక్కగా ఉంటే వెళ్ళొద్దు. గాలిలో తేమ ఎక్కువైతే రొప్పినా వేడి సరిగా పోదు.

బరువు వెనక ఉంటే సైకిల్ నిలకడగా ఉంటుందని ఎవరైనా చెబితే అది నిజమే. అయినా 6 కిలోల వాణ్ణి నువ్వు ముందే కూర్చోబెట్టుకో. వాడి మొహం నీకు కనపడుతూ ఉండాలి. వాడు పెద్దవాడై బరువు పెరిగితే వెనక తగిలించే చిన్న ట్రైలరు కొను. అది నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి సులువుగా ఒరగదు. కానీ రెండు వైపులా జాలీ ఉన్నది చూసుకో, హ్యాండిల్‌కి ఒక అద్దం బిగించుకో.

ఇదంతా చదివి వెళ్ళడమే మానేస్తావేమో అని ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. మానకు తల్లీ. ఆ తొలి రోజుల్లో, పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, రాజా డబ్బా అంచు మీద గడ్డం ఆనించి ఎదురొచ్చే వాసనలన్నీ పీల్చుకునేవాడు. తిరిగి చూస్తే చెవులు గాలికి వెనక్కి ఎగురుతూ ఉండేవి. అది నువ్వూ చూడాలి.

బుట్ట లోపలి పొడవూ వెడల్పూ కొలిచి నాకు పంపు. అడుగున వేయడానికి పరుపు కుడతాను, గతుకులు వాడి ఒంటికి తగలకుండా. అది చేరేదాకా ఇసుక సంచితో తొక్కుతూ ఉండు.

మీ పెద్దమ్మ