వైఫై గుర్తే కనిపించడం లేదు

ప్రశ్న: అన్నయ్య వాడిన పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్నాను. అన్నీ బాగున్నాయి, వైఫై మాత్రం అసలు కనిపించడం లేదు. వారంలో ప్రాజెక్ట్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. ల్యాప్‌టాప్ పాడైందంటారా?
– డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: పాడై ఉండదమ్మా, కంగారుపడకు. టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే విండో) తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టు. 'నెట్‌వర్క్ కంట్రోలర్' అన్న వరుసలో బ్రాడ్‌కామ్ అనే చిప్‌ల కంపెనీ పేరుంటే, చాలావరకు డ్రైవర్ (ఆ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) లేకపోవడమే కారణం. ఆ చిప్‌లలో కొన్నింటికి డ్రైవర్ విడిగా వేసుకోవాలి.

నెట్ లేకుండా ఎలా అంటావేమో. ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి, ఫోన్ నెట్టే వచ్చేస్తుంది. తర్వాత ఉబుంటులో 'అడిషనల్ డ్రైవర్స్' అనే యాప్ తెరిచి, అక్కడ చూపించే బ్రాడ్‌కామ్ డ్రైవర్ ఎంచుకో.

సెక్యూర్ బూట్ (ల్యాప్‌టాప్ మొదలయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. కాగితం మీద రాసుకో. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వస్తుంది, అందులో 'ఎన్‌రోల్ ఎంఓకే' ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. తిరుపతిలో మా ఇంట్లో మొదటిసారి ఆ తెర చూసి భయపడి 'కంటిన్యూ బూట్' నొక్కేశాను. డ్రైవర్ పనిచేయలేదు, ఆ రాత్రంతా నిద్ర లేదు. నువ్వు ఆ పొరపాటు చెయ్యకు.

వేరే కంపెనీ పేరు కనిపిస్తే ఆ వరుస మొత్తం రాసి పంపు, చూసి చెబుతాను.