పెద్దవాళ్లకు జీవన నైపుణ్యాలు నేర్పే ఉద్యోగం: ఏం చదవాలి?

ప్రశ్న: సైకాలజీతో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లకు బట్టలు ఉతుక్కోవడం, డబ్బు వాడకం, ఒంటరి ప్రయాణం లాంటివి నేర్పే రంగంలోకి వెళ్లాలని ఉంది. ఇంట్లో మాత్రం ‘ఇంత చదివి ఆయా పనికి పోతావా’ అంటున్నారు. దీనికి ప్రత్యేకంగా చదువు ఉందా? ఎదుగుదల ఉంటుందా?

జవాబు: ముందు ఇంట్లోవాళ్ల మాట సంగతి చూద్దాం. స్నానం చేయించడం, బట్టలు తొడగడం సంరక్షకుల పని. అది చిన్నతనమేమీ కాదు, తేలికా కాదు. మీరు అడుగుతున్నది వేరే పని. అవతలి మనిషి తన పని తాను చేసుకునేలా నేర్పి, మీ అవసరం రోజురోజుకీ తగ్గించుకుంటూ రావాలి. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఆ మాట వచ్చింది.

ముప్పై ఏళ్ల మనిషికి వాషింగ్ మెషీన్ వాడటం నేర్పాలనుకోండి. మొదట ఆ పనిని మీరే చేస్తూ ఒక్కో అడుగూ రాసుకోవాలి. దీన్ని టాస్క్ అనాలిసిస్ అంటారు. ‘పౌడర్ వేయాలి’ అని ఒక్క ముక్కలో రాశారంటే అక్కడే దెబ్బతింటారు. ట్రే లాగడం, ఏ అరలో వేయాలో గుర్తుపట్టడం, ఎంత వేయాలో కొలవడం, ట్రే మూయడం... ఇవి నాలుగు అడుగులు. తర్వాత, చాలాసార్లు వెనక నుంచి నేర్పుతారు: మొదటివన్నీ మీరు చేసి, చివరి బటన్ ఆయన చేత నొక్కిస్తారు. అది వచ్చాక దాని ముందు అడుగు. ఇలాగైతే ప్రతిసారీ పని ముగించింది ఆయనే అవుతారు.

కష్టమంతా సాయం తగ్గించడంలో ఉంది. నోటితో చెప్పడం మనకు సులువు. కానీ దానికి అలవాటుపడ్డ మనిషి మెషీన్ వైపు చూడటం మానేసి మన గొంతు కోసం ఎదురుచూస్తాడు. అందుకే బొమ్మల కార్డు పెట్టి, అయిదారు సెకన్లు నోరు మెదపకుండా ఆగడం నేర్చుకోవాలి. కొత్తగా చేరినవాళ్లు తడబడేది ఇక్కడే.

డబ్బు విషయంలోనూ అంతే. తీసివేతలు రాకపోతే కొనుక్కోలేరని అనుకుంటాం. ధర 46 అయితే అందులో పదులు నాలుగు, ఇంకొకటి కలిపి పది రూపాయల నోట్లు అయిదు ఇవ్వమని నేర్పితే చాలు. చిల్లర లెక్క రాకపోయినా కొనడం ఆగదు.

ఇదంతా కేవలం ఓపిక పని కాదనడానికి ఇంట్లో ప్రత్యేక విద్యా పరిశోధకుడు మార్క్ గోల్డ్ ఉదాహరణ చెప్పండి. 1970ల్లో అమెరికాలో, ఏమీ నేర్చుకోలేరని పక్కన పెట్టినవాళ్లకు 15 భాగాల సైకిల్ బ్రేకును బిగించడం నేర్పి చూపించారాయన. నేర్చుకోలేకపోతే నేర్పే తీరు మార్చి చూడాలన్నదే ఆయన వాదన. అదే కాలంలో, 1972లో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల గురించి రాసిన రాబర్ట్ పెర్స్కే ఇంకో మాట ముందుకు తెచ్చారు: మామూలు జీవితంలో ఉండే ప్రమాదాలన్నిటి నుంచీ కాపాడేస్తే ఆ మనిషి గౌరవాన్నే లాక్కున్నట్టవుతుందని. ఎవరితో, ఎక్కడ నివసించాలో ఎంచుకునే హక్కును వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం 19వ అధికరణంలో గుర్తించింది. అయితే ఒప్పందం మీద సంతకాలు జరిగినంత మాత్రాన అమ్మానాన్నల భయం పోదు. ‘ఒంటరిగా బస్సు ఎక్కించొద్దు’ అనే తల్లిని ఒప్పించడం కూడా మీ ఉద్యోగంలో భాగమే. మొదట పక్కన కూర్చుని, తర్వాత రెండు సీట్లు వెనక, ఆ పైన తర్వాతి స్టాపులో నిలబడి... ఇలా తప్పుకుంటూ రావాలి.

చదువు విషయానికొస్తే ముఖ్యంగా మూడు దారులు: స్పెషల్ ఎడ్యుకేషన్, సోషల్ వర్క్, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకోగలిగేలా సాయపడే చికిత్స). సైకాలజీ తర్వాత మొదటి రెండూ మీకు దగ్గర. థెరపీకైతే చాలాచోట్ల మొదటి నుంచీ ఆ డిగ్రీయే చదవాలి. శరీర కదలికలు, పరికరాల మార్పుల మీద గట్టి ఆసక్తి ఉంటేనే అటు వెళ్లండి. కాలేజీని ఒక్క ప్రశ్న తప్పక అడగండి: ప్రాక్టికల్ గంటల్లో పెద్దవాళ్లతో ఎన్ని, చిన్నపిల్లలతో ఎన్ని? చాలా కోర్సులు బడి పిల్లల చుట్టూనే తిరుగుతాయి. అక్కడి రంగు బొమ్మలు, ప్లాస్టిక్ నాణేలు నలభై ఏళ్ల మనిషి ముందు పెట్టడం అవమానం. పైగా కేంద్రంలో నేర్చిన పొయ్యి వాడకం ఇంటి పొయ్యి దగ్గర పనికిరాకపోవచ్చు. అసలు చోటికి తీసుకెళ్లి శిక్షణ ఇప్పించే కోర్సే మేలు. ఉద్యోగానికి వృత్తి రిజిస్ట్రేషన్ అవసరమా, ఆ కోర్సుకు అది వస్తుందా అన్నది ఫీజు కట్టకముందే తేల్చుకోండి.

జీతం మొదట్లో పెద్దగా ఉండదు, ఈ మాట ఇంట్లో దాచొద్దు. శిక్షకులుగా మొదలుపెట్టి, నైపుణ్యాలను అంచనా వేయడం, కొత్త ఉద్యోగంలో కుదురుకునేదాకా పక్కనుండే జాబ్ కోచింగ్, కార్యక్రమాల నిర్వహణ వైపు ఎదుగుతారు. రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలరో చూసే వైన్‌ల్యాండ్ లాంటి కొలమానాలను అర్థం చేసుకోవడంలో మీ సైకాలజీ బాగా అక్కరకొస్తుంది.

దరఖాస్తు పెట్టేలోపు సెలవుల్లో ఏదైనా కేంద్రంలో వాలంటీరుగా చేరండి. ఒక్క మనిషి, ఒక్క పని ఎంచుకుని, వారి అనుమతితో రోజూ ఏ అడుగు సొంతంగా చేశారో, ఎక్కడ సాయం పట్టిందో రాయండి. పేరు తీసేసి ఆ కాగితాలనే ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి.