ఆ నీళ్ళు ఎవరు తెచ్చారు? – ఒక యువ రచయిత్రికి లేఖ

అమ్మాయీ,

నీ రాతప్రతి అందింది. చదువుతూ చదువుతూ మూడో అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర ఒళ్ళు మండి పక్కన పెట్టేశాను. "సాయంత్రానికి నీళ్ళు వచ్చేవి, స్నానాలు చేసి ప్రార్థనకు కూర్చునేవాళ్ళం" అని రాశావు. ఎక్కణ్ణుంచి వచ్చేవి? ఆఫ్రికాలో మలావీ దేశపు పల్లెలో సిస్టర్ల దగ్గర నర్సుగా రెండేళ్ళు ఉన్నదానివి. కాన్వెంటులో కుళాయి లేదని అంతకుముందు అధ్యాయంలో నువ్వే చెప్పావు. మరి నీళ్ళు వాటంతట అవే నడిచొచ్చాయా?

అక్కడ నీళ్ళు ఎలా వస్తాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. తెల్లవారకముందే బోరింగు దగ్గర బకెట్లు వరస కడతాయి. మనుషులు ఇంకా రాకపోయినా బకెట్టు ఉంటే చాలు, వంతు పోదు. ఇద్దరు ఆడపిల్లలు ఆ చేతిపిడికి వేలాడి కొడుతుంటే మూడో పిల్ల బకెట్టు కడిగి పెడుతుంది. 20 లీటర్ల బకెట్టు నిండాక ఒకరు సాయం పట్టి నెత్తికెత్తుతారు. కింద చితెంజె గుడ్డ (అక్కడి ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునేది) చుట్టకుదురు, పైన నీళ్ళు తొణక్కుండా ఒక ప్లేటో ఆకులో. వాషరు అరిగి బోరింగు పాడైతే, కమిటీ ఇంటింటికీ డబ్బులు వసూలు చేసి సామాను తెప్పించేదాకా అందరూ వాగుకే పోవాలి. ఇదంతా నువ్వు రోజూ చూశావు. చూసి, "నీళ్ళు వచ్చేవి" అని రాశావు.

ఇంత కోపం ఎందుకంటావా, చెబుతాను. మా నాన్న గోదావరి జిల్లాలో ఒక మిషన్ బంగ్లాకు కావిడితో నీళ్ళు మోసేవాడు. బంగ్లా దొరగారు వారం వారం వాళ్ళ దేశానికి ఉత్తరాలు రాసేవారు. చాలా ఏళ్ళ తర్వాత అవి పుస్తకంగా వస్తే, ఎక్కడో సంపాదించి ఆశగా తెరిచాను. మా ఊరి మామిడితోపు ఉంది. వడగాలి ఉంది, తేళ్ళున్నాయి, బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ లెక్క ఉంది. ఎండలో తిరిగొచ్చాక తొట్టిలో చల్లటి నీళ్ళు ప్రాణం లేచొచ్చేలా ఉండేవని కూడా ఉంది. మా నాన్న మాత్రం ఎక్కడా లేడు. ఆ దొర చెడ్డవాడు కాదు. నాన్న జ్వరంతో పడుకుంటే మా గుడిసెకు స్వయంగా వచ్చి మందిచ్చిన మనిషి. అంత మంచివాడికి కూడా ఆ ఉత్తరాల్లో మా నాన్న పేరు రాయాలని తోచలేదు. అందుకే ఈ ఒక్క విషయంలో నేను ఎవర్నీ వదలను. నిన్నూ వదలను.

ఇది పాత జబ్బే. నువ్వున్న దేశం కథే తీసుకో. 1875లో స్కాట్లండు మిషనరీలు 'ఇలాలా' అనే స్టీమరులో మలావీ సరస్సు చేరారని రాస్తారు. దారిలో షిరే నది మీద జలపాతాలు అడ్డొచ్చాయి. స్టీమరును ముక్కలు ముక్కలుగా విప్పితే వందల మంది స్థానికులు ఆ ఇనుమంతా మోసి పైకి చేర్చారు. పశువులకు ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే సెట్సీ ఈగ ఉన్న చోట ఎడ్లూ గుర్రాలూ బతకవు గనక, చర్చి గంట దగ్గర్నుంచి క్వినైన్ సీసా దాకా ఏదైనా మనిషి నెత్తి మీదే రావాలి. 1873లో ఆఫ్రికాలో తిరిగిన మిషనరీ యాత్రికుడు లివింగ్‌స్టన్ చనిపోతే, ఆయన దగ్గర పనిచేసిన ఆఫ్రికన్లు చూమా, సూసీ, మిగతా తోటివాళ్ళు ఆయన దేహాన్ని పాడవకుండా ఎండబెట్టి, నెలల తరబడి నడిచి సముద్రం ఒడ్డుకు చేర్చారు. 1874 ఏప్రిల్‌లో లండన్‌లో అంత్యక్రియలు జరిగేటప్పటికి చూమా, సూసీ అక్కడ లేరు. వాళ్ళు ఇంగ్లండు చేరింది అంతా అయిపోయాకే.

మిషనరీ అనగానే టోపీ పెట్టుకున్న తెల్లదొరే కళ్ళముందు మెదలడం ఇంకో పొరపాటు. 1876లో దక్షిణాఫ్రికా నుంచి మలావీ వెళ్ళిన విలియం కోయి ఖోసా జాతి మనిషి. మలావీలోని న్గోనీ తెగ పల్లెల్లో వాళ్ళకు దగ్గరి భాషలో మాట్లాడి నమ్మకం సంపాదించాడు, 1886లో అక్కడే చనిపోయాడు. 1903లో మన నెల్లూరు నుంచి జాన్ రంగయ్య ఓడెక్కి, దక్షిణాఫ్రికాలోని నేటాల్ తోటల్లో పనిచేస్తున్న తెలుగు కూలీల దగ్గరికి వెళ్ళాడు. నువ్వు ఈ వరసలోదానివి, దొరల వరసలోదానివి కాదు. మరి దొరల వాక్యాలు నీకెందుకు?

ఇక ఐదో అధ్యాయం. అక్కడ నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తిరిగింది నువ్వు రాసినదానికి కాదు, రాయకుండా వదిలేసినదానికి. ఫిబ్రవరిలో ఒక పేషెంటు ఇంటికి వెళ్తే తెల్లటి న్సీమా (మొక్కజొన్న పిండి సంకటి), కోడికూర పెట్టారని ఒక్క లైను. ఆ వెనకే సూర్యాస్తమయం మీద రెండు పేజీలు! సూర్యుడు ఎక్కడైనా అస్తమిస్తాడమ్మా. ఫిబ్రవరిలో తెల్ల న్సీమా ఎక్కడ పడితే అక్కడ దొరకదు.

అక్కడ వానలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. కొత్త మొక్కజొన్న చేతికొచ్చేది ఏప్రిల్ ప్రాంతంలో. జనవరి దాటితే గాదెలో అడుగు కనపడుతుంది. తెల్లపిండి కావాలంటే గింజలు దంచి తవుడు తీసేయాలి, రోజుల తరబడి నానబెట్టాలి, చాపల మీద ఎండబెట్టాలి, అప్పుడు చిగాయోకు, అంటే పిండిమరకు, మోసుకెళ్ళి ఆడించాలి. ఇంత చేస్తే పిండి తగ్గుతుంది. అందుకే కరువు నెలల్లో గింజను గింజగానే ఆడించి మ్గైవా పిండి వండుకుంటారు. అదీ లేనప్పుడు, దాచుకున్న ఆ తవుడే తింటారు. నువ్వక్కడున్న ఏడే, 2024 మార్చిలో, వానల్లేక 28 జిల్లాల్లో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించింది ప్రభుత్వం. సరిగ్గా దానికి నెల ముందు ఒక తల్లి నీకోసం తెల్లపిండి తీసింది.

ఆవిడ వండుతుంటే నువ్వు పక్కనే పీట మీద కూర్చున్నావు కదా, అది రాయి. ముందు పల్చటి జావ కాస్తారు. అది కుతకుతలాడి చేతుల మీద చిందుతుండగా, కాస్త కాస్తగా పిండి పోస్తూ చెక్క తెడ్డుతో గిన్నె గోడకేసి రుద్దినట్టు కలుపుతారు. మన వైపు రాగిసంకటి గెలికేవాళ్ళకు ఆ భుజం నొప్పి తెలుసు. తర్వాత తడి గరిటెతో తీసి పళ్ళెంలో ఒకదాని పక్కన ఒకటి ముద్దలుగా పెడతారు. నీ చేతుల మీద నీళ్ళు పోసింది ఏ పిల్ల? మోకాళ్ళ మీద కూర్చుని పోసిందా? ఆ పూట పిల్లలు ఏం తిన్నారు? నువ్వు లేచాక పళ్ళెంలో మిగిలింది ఎవరికెళ్ళింది? ఈ నాలుగూ రాస్తే ఐదో అధ్యాయం నిలబడుతుంది.

ఇలాంటివి రాస్తే ఎవరు వేస్తారని నీకు అనుమానం రావచ్చు. నేనూ మలావీలోనే డెడ్జా వైపు ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణే. రాత్రిళ్ళు కిరసనాయిలు దీపం దగ్గర, దిద్దేసిన పరీక్ష పేపర్ల వెనకవైపు కథలు రాసేవాణ్ణి. చిగాయో దగ్గర పిండి కోసం క్యూలో నిలబడ్డ ఆడవాళ్ళ మీద ఒకటి రాసి మన తెలుగు వారపత్రికకు పంపాను. వారాల తరబడి ఎదురుచూశాక జవాబొచ్చింది: సింహం లేదు, మంత్రగాడు లేడు, కొసమెరుపు అసలే లేదు, ఇందులో కథేముంది అని. ఇంకో సంపాదకుడు వేసుకుంటానన్నాడు గానీ క్యూ మొత్తం కత్తిరించి, చివరి సంభాషణ ఒక్కటీ అచ్చేశాడు. ఆ కొసమెరుపు పిచ్చి మన కథను ఎంత పాడుచేసిందో చెప్పలేను. మనిషి పొద్దున లేచి రాత్రి పడుకునేదాకా చేసే పనంతా వృథా, ఆఖరి లైనులో పాఠకుడు ఉలిక్కిపడాలంతే! ఆ క్యూ కథ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో ఒక్క అక్షరం తీయను.

నీ తొలిపలుకు కూడా ఆ సంపాదకులకు నచ్చేదే. చీకటి, డప్పుల మోత, "ఆఫ్రికా నన్ను పిలిచింది." తీసెయ్. నిన్ను పిలిచింది ఒక సిస్టరు రాసిన ఉత్తరం, పంపింది వీసా ఆఫీసు. రాతప్రతిలో ఆఫ్రికా అన్న ప్రతి చోటా ఊరి పేరు పెట్టి చదువుకో, ఎన్ని వాక్యాలు అబద్ధాలో నీకే తెలుస్తుంది.

ఎనిమిదో అధ్యాయంలో ఇంకో పని చేశావు. టీకాల రోజున ఊళ్ళో చావు. ఒక్క తల్లీ రాలేదు. వస్తారని మాత్రం ఎలా అనుకున్నారు? చావంటే అక్కడ పొలం పని ఆగుతుంది, కుర్రాళ్ళు గొయ్యి తవ్వడానికి పోతారు, ఆడవాళ్ళు పిండీ కట్టెలూ పట్టుకుని చావింటికి చేరి రాత్రంతా నేల మీదే కూర్చుంటారు. దానికి తోడు మీ పికప్పే ఊరికి అంబులెన్సు, శవాన్ని తీసుకెళ్ళేదీ అదే. పెద్ద సిస్టరు విసుక్కుంది. నువ్వు దాన్ని "కొంచెం నొచ్చుకున్నారు" అని మెత్తబరిచావు. ఎవరికి భయపడి? పదేళ్ళుగా మలేరియా రోగుల మధ్య రాత్రీ పగలూ నిలబడ్డ మనిషికి విసుగు రాదా? విసుక్కోనీ. మర్నాడు పిండి సంచీ పట్టుకుని చావింటికి వెళ్ళిందీ ఆవిడే అని నువ్వే రాశావు. విసుగు దాచేస్తే ఆ సంచీకి విలువుండదు. ఈ పుస్తకం చర్చి వార్షికోత్సవంలో పంచడానికైతే నా దగ్గరికి పంపక్కర్లేదు.

నవలా, జ్ఞాపకాలా అని అడిగావు. ఇప్పుడే ఎందుకు ఆ టెన్షన్? ముందు సిస్టర్లకు ఫోన్ చేసి, నీళ్ళు మోసినావిడ పేరు కనుక్కో. పుస్తకంలో ఆ పేరు పెట్టడం ఆవిడకు ఇష్టమేనా అనీ అడిగించు. వద్దంటే మార్చు, ఖాళీ మాత్రం వదలకు. అలాగే చిగాయోలో బకెట్టు మొక్కజొన్న ఆడించడానికి ఎంత తీసుకుంటున్నారో, ఆ డబ్బు కోసం ఆ ఇల్లాలు ఏం అమ్ముకుంటుందో కూడా. ఇవి తెలియకుండా ఐదో అధ్యాయం తిరగరాయలేవు.

అదొక్కటే ముందు పంపు, సంక్రాంతి లోపు. ఎనిమిదోది తర్వాత చూద్దాం. సూర్యాస్తమయం రెండు పేజీలూ తీసేసి పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు