ఎగ్జిమా ట్రయల్స్‌లో అందరూ ఒకే కొలతలు వాడాలన్నదానికి పరిశోధకులు ఒప్పుకుంటున్నారా?

అందరికీ ఒకే కొలతలు పెడితే పరిశోధకుల స్వేచ్ఛ పోదా, వాళ్లు దీన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నారా అని అడిగారు. నేను ఎగ్జిమా ట్రయల్స్‌లో కోఆర్డినేటర్‌గా చేశాను. తర్వాత పాత ట్రయల్స్ ఫలితాలన్నీ కలిపి చూసే సమీక్షలోనూ పనిచేశాను. అందరూ ఒకే కొలతలు వాడాలన్న నా అభిప్రాయం గట్టిపడింది ఆ సమీక్ష దగ్గరే.

జబ్బు తీవ్రత కొలవడానికి ఒక ట్రయల్‌లో 103కి లెక్కేసే స్కోరాడ్, ఇంకోదాంట్లో 72కి లెక్కేసే ఈఏఎస్ఐ, మరోచోట వాళ్లే తయారుచేసుకున్న స్కేలు. మందు ఒకటే అయినా ఫలితాలు కలపడానికి వీల్లేదు. అన్ని వారాలు ఓపిగ్గా మందు రాసుకుని, ఫారాలు నింపిన రోగుల శ్రమ చివరి లెక్కలోకే రాలేదు. నాకు అది అన్యాయంగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

దీన్ని సరిచేయడానికే హోమ్ అనే అంతర్జాతీయ బృందం పనిచేస్తోంది. అందులో డాక్టర్లు, పరిశోధకులతో పాటు రోగులూ ఉన్నారు. 2019లో టోక్యో సమావేశంతో కొలతల జాబితా పూర్తయింది. చర్మంపై కనిపించే లక్షణాలకు ఈఏఎస్ఐ, రోగి చెప్పే బాధకు పోయెమ్ అనే ప్రశ్నాపత్రం, దురద తీవ్రతకు 0 నుంచి 10 దాకా అంకెల స్కేలు, జీవన నాణ్యతకు పెద్దలైతే డీఎల్‌క్యూఐ, జబ్బు దీర్ఘకాలం అదుపులో ఉందా అన్నదానికి రీక్యాప్ లేదా ఏడీసీటీ, ఇవీ ప్రశ్నాపత్రాలే. ఇవి కనీసం ఉండాల్సినవి మాత్రమే. వీటికి తోడు ఎవరికి కావాల్సిన కొలత వాళ్లు పెట్టుకోవచ్చు. స్వేచ్ఛ గురించిన భయం చాలావరకు ఇక్కడే తీరిపోతుంది.

నేను కలిసి పనిచేసిన పరిశోధకుల్లో సూత్రాన్ని కాదన్నవాళ్లు దాదాపు లేరు. ఇబ్బందులు ఆచరణలో ఉన్నాయి. ఈఏఎస్ఐకి ఒంటిని నాలుగు భాగాలు చేసి ఎరుపు, మందం, గీరిన గుర్తులు, చర్మం గట్టిపడటం విడివిడిగా చూడాలి. శిక్షణ లేకపోతే ఒకే రోగికి ఇద్దరు డాక్టర్లు వేరువేరు స్కోర్లు ఇస్తారు. పోయెమ్‌తో అంత టెన్షన్ లేదు. ఏడు ప్రశ్నలు, 28కి స్కోరు, రోగే నింపేస్తారు. ఇక కంపెనీల ట్రయల్స్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఐజీఏ (జబ్బు మొత్తంగా ఎంత ఉందో డాక్టరు చూసి ఇచ్చే ఒకే స్కోరు) ఫలితం అడుగుతుంది కాబట్టి దాన్నే ప్రధానంగా పెడతారు. పెట్టుకోనివ్వండి, మిగతావి పక్కన ఉంటే చాలు.

నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం వేరే ఉంది. ముదురు రంగు చర్మంలో ఎరుపు ఎరుపులా కనబడదు, ఊదాగానో బూడిదగానో ఉంటుంది. అలవాటు లేని కంటికి తెలియక స్కోరు తగ్గిపోతుంది, జబ్బు తక్కువని రాసేస్తారు. ఈ మాట అనే పరిశోధకులతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే దీనికి కొలతను వదిలేయనక్కర్లేదు. శిక్షణలో అన్ని రంగుల చర్మాల ఫొటోలూ చూపించాలి, రోగి చెప్పే పోయెమ్‌కూ దురద స్కోరుకూ విశ్లేషణలో సరైన చోటివ్వాలి.

మీరే ట్రయల్ ప్లాన్ చేస్తుంటే ఈ కొలతలను ప్రోటోకాల్ (ట్రయల్ ప్రణాళిక పత్రం) రాసే రోజే అందులో చేర్చండి. మధ్యలో కలిపితే మొదట చేరిన రోగుల బేస్‌లైన్ స్కోర్లు, అంటే చికిత్స మొదలవక ముందటివి, ఇక దొరకవు.