స్టీరింగ్ బిగుసుకుంటోంది, వారంటీ చెల్లదంటున్నారు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: బెంగళూరులో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల కంపెనీ దగ్గర 2019 మోడల్ పెట్రోల్ కారు 4 లక్షల 60 వేలకు కొన్నాను. ఆరు నెలల వారంటీ ఇచ్చారు. నెల తిరక్కముందే స్టీరింగ్ ఉన్నట్టుండి బిగుసుకోవడం, మీటర్లో స్టీరింగ్ లైటు వెలగడం మొదలైంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. రెండుసార్లు వర్క్‌షాపులో ‘ఏమీ లేదు’ అని పంపేశారు. మూడోసారి స్టీరింగ్ కాలమ్ (చక్రం కింద ఉండే గొట్టంలాంటి భాగం) మొత్తం మార్చాలి, అది ఎలక్ట్రికల్ భాగం, వారంటీలో రాదు అన్నారు. ఇప్పుడు ఐదో నెల. కేసు వేయాలంటే బెంగళూరు తిరగాలా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తిరగక్కర్లేదు. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు ఈ రోజే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. వారంటీ గడువు ముగిసేలోపు ఫిర్యాదు రాతలో పడాలి. మూడుసార్లు వెళ్లిన తేదీలు, అప్పటి కిలోమీటర్ల రీడింగులు రాయండి. వర్క్‌షాపువాళ్లు ఫిర్యాదు రాసిచ్చే జాబ్ కార్డులు తీసి చూసుకోండి. ‘జనరల్ చెకప్’ అని రాసి ఉంటే మీరు వెళ్లినట్టు రుజువే గానీ, స్టీరింగ్ గురించి చెప్పినట్టు రుజువు కాదు. ఈసారి దగ్గరుండి మీ మాటల్లోనే రాయించండి, ఉదాహరణకు: ‘ఇంజన్ వేడెక్కాక, ఏసీ వేసి ఉండగా, పార్కింగులో పూర్తిగా తిప్పితే స్టీరింగ్ బరువెక్కి లైటు వెలుగుతోంది.’ ఎప్పుడు, ఎలా వస్తుందో లేని ఫిర్యాదుకు ‘ఏమీ లేదు’ అన్న జవాబే వస్తుంది.

ఇక లోపం. మీ కారుది కరెంటు మోటారు సాయంతో తిరిగే స్టీరింగ్. మీరు స్టీరింగ్ చక్రం తిప్పగానే కాలమ్‌లోని టార్క్ సెన్సర్ ఎంత బలంగా తిప్పారో కొలుస్తుంది. ఆ లెక్కన కంట్రోల్ యూనిట్ మోటారుకు కరెంటు పంపుతుంది. నిలబడ్డ బండిలో తిప్పినప్పుడు ఈ మోటారు లాగే కరెంటు చాలా ఎక్కువ. వోల్టేజీ పడిపోయినా, సెన్సర్ సిగ్నల్ తేడాగా వచ్చినా యూనిట్ మోటారును ఆపేసి లైటు వెలిగిస్తుంది. తాళం తిప్పి మళ్లీ స్టార్ట్ చేస్తే అన్నీ మొదటికొస్తాయి. వర్క్‌షాపులో కనిపించకపోవడానికి కారణం అదే. లోపమేదో చెప్పే కోడ్ మాత్రం సాధారణంగా యూనిట్ మెమరీలో మిగులుతుంది. కాబట్టి స్కానరుతో ఆ కోడ్ చదివేదాకా బ్యాటరీ టెర్మినల్ పీకనివ్వకండి, స్కాన్ రిపోర్టు ప్రింటు అడిగి తీసుకోండి. ఎండాకాలంలో ఒక తిరకాసు ఉంది. చక్రాన్ని చివరిదాకా తిప్పి అలాగే పట్టుకుంటే మోటారు వేడెక్కి తనంతట తానే సాయం తగ్గించుకుంటుంది. అది లోపం కాదు, అప్పుడు మామూలుగా లైటు కూడా వెలగదు.

కాలమ్ మార్చే ముందు వోల్టులు కొలిచే మల్టీమీటరుతో పది నిమిషాల పని చేయించండి. రాత్రంతా ఆపిన బండిలో బ్యాటరీ 12.4 నుంచి 12.6 వోల్టులు చూపాలి. ఇంజన్ నడుస్తూ, హెడ్‌లైట్లు, ఏసీ వేసినప్పుడు 13.5కు తగ్గకూడదు. తర్వాత మీటరు ఒక తీగ బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది బాడీ మీద రంగు లేని బోల్టుకు ఆనించి, ఇంకొకరిచేత స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పించండి. రీడింగు 0.2 వోల్టులు దాటితే బ్యాటరీని బాడీకి కలిపే ఎర్త్ తీగ తుప్పు పట్టిందనో, వదులైందనో అర్థం. దాన్ని గీకి బిగిస్తే లైటు మళ్లీ రాకపోవచ్చు. ఇవన్నీ సరిగ్గా ఉండి, కోడ్ టార్క్ సెన్సర్ మీదో మోటారు మీదో ఉంటే అప్పుడు కాలమ్ మాట నిజమే. మార్చాక స్కానరుతో సెన్సర్ జీరో సెట్టింగ్ చేయాలి. అది వదిలేస్తే కొత్త కాలమ్‌తోనూ చక్రం ఒక పక్కకు లాగుతుంది.

లైటు వెలగకుండా, చక్రం తిప్పుతున్నప్పుడు ఒక్కో చుట్టులో రెండుచోట్ల మాత్రమే పట్టేస్తుంటే ఈ కథంతా అక్కర్లేదు. కారు ముందువైపు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజన్ ఆపి, లాక్ పడకుండా తాళం ఆన్‌లో ఉంచి స్టీరింగ్‌ను చేత్తో తిప్పితే ఆ పట్టు తెలిసిపోతుంది. అది ఇంటర్మీడియట్ షాఫ్ట్ (కాలమ్‌ను కిందిభాగానికి కలిపే కడ్డీ) యూనివర్సల్ జాయింటు, అంటే దాని కీలు. కాలమ్‌తో పోలిస్తే చిన్న ఖర్చు.

వారంటీ తిరస్కరణను నోటిమాటగా ఒప్పుకోకండి. ఏ షరతు కింద చెల్లదో నంబరుతో సహా రాసివ్వమనండి. మినహాయింపుల జాబితాలో కాలమ్ పేరు, పవర్ స్టీరింగ్ పేరు ఉన్నాయా చూడండి. బయటి షెడ్డులో స్కాన్ వరకే చేయించండి. అక్కడ ఒక్క బోల్టు విప్పినా రేపు తప్పు మీదంటారు.

ఇక కేసు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. అంటే మీకు అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషనే. చెల్లించిన సొమ్ము 5 లక్షలలోపు కాబట్టి ఫీజు లేదు. వివాదం పుట్టిన నాటినుంచి రెండేళ్ల గడువు. ముందు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. లోపం ఉందని నిరూపించాల్సింది మీరే. అందుకే ఆ స్కాన్ ప్రింటు, లైటు వెలిగినప్పుడు తీసిన వీడియో పోగొట్టుకోకండి. అంతవరకు హైవే ఎక్కకండి. మోటారు ఆగినా చక్రం తిరుగుతుంది గానీ, వంపులో అంత బలం పెట్టడానికి టైముండదు.

ప్రశ్న: అలైన్‌మెంట్ మూడుసార్లు చేయించినా కారు ఎడమకే లాగుతోంది. టైర్లు మార్చుకోండి, వారంటీలో చూడం అంటున్నారు.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: రోడ్లు నీళ్లు పోవడానికి అంచువైపు వాలుగా వేస్తారు, కొద్దిగా ఎడమకు పోవడం సహజం. చదునైన చోట చూడండి. గాలి సరిచూసి, ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చండి (పక్కన తిరిగే దిశ బాణం ఉన్న టైర్లయితే వద్దు). ఇప్పుడు కుడికి లాగితే తప్పు టైరుదే, వాళ్లు చెప్పింది నిజం. అయినా ఎడమకే లాగితే, పది కిలోమీటర్లు నడిపాక రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఎడమ రిమ్ము మరీ వేడిగా ఉంటే బ్రేక్ పట్టేస్తోంది. చాలా చిన్న కార్లలో అలైన్‌మెంటువాళ్లు సరిచేయగలిగేది టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే. ప్రింటులో క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలిన కోణం) అంకెలు చూడండి. రెండు పక్కలకూ అర డిగ్రీకి మించి తేడా ఉంటే, ఆ బండి ఎక్కడో గుద్దుకుందేమో ఆరా తీయాల్సిందే.

ప్రశ్న: ఊళ్లోని డీలరు దగ్గర పాత కారు కొన్నాను. ఇంజన్, గేర్‌బాక్స్‌కు మాత్రమే మూడు నెలల వారంటీ. గుంతల్లో స్టీరింగ్ కింద టుక్ టుక్ శబ్దం. టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీల చివరి కీళ్లు) మార్చినా పోలేదు, ఇప్పుడు ర్యాక్ (ఆ కడ్డీలను అటూ ఇటూ జరిపే పళ్ల కడ్డీ) మార్చాలంటున్నారు. డీలరేమో ‘ఉన్నది ఉన్నట్టు అమ్మాం’ అంటున్నాడు.
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ర్యాక్ జోలికి పోకముందు స్టెబిలైజర్ లింకులు (బండి ఊగకుండా ఆపే అడ్డకడ్డీని చక్రాలవైపు కలిపే చిన్న కడ్డీలు) చూపించండి. ఒక పక్క చక్రం గుంతలో పడ్డప్పుడు టుక్కుమంటే చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు, ఖర్చూ తక్కువే. తర్వాత ముందు చక్రాన్ని జాకీతో లేపి రెండు పక్కలా పట్టుకుని ఊపండి, ఆడితే టై రాడ్ లేదా ర్యాక్ ఎండ్. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడితే బాల్ జాయింటు (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే గుండు కీలు) లేదా బేరింగ్, ఆ బండిని ఇక నడపకండి. ర్యాక్ అడ్జస్టర్ నట్టు బిగించి శబ్దం ఆపుతానంటే ఒప్పుకోవద్దు. కొన్నాళ్లు శబ్దం తగ్గుతుంది గానీ, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం మానేస్తుంది.

డీలరు రాసిచ్చిన వారంటీలో ఇది రాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అమ్మేటప్పుడు ‘యాక్సిడెంట్ కాలేదు’ అని వాట్సాప్‌లో పెట్టి ఉంటే, పాత ఇన్సూరెన్స్ క్లెయిములో ముందుభాగం రిపేరు బయటపడితే, అది వారంటీ జాబితాతో పనిలేని వేరే కేసు: అక్రమ వ్యాపార విధానం. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలి, అదీ చూపించమనండి. ఇదే బండి డీలరు దగ్గర కాక నేరుగా యజమాని దగ్గరే కొని ఉంటే మాత్రం వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోయినట్టే, సివిల్ కోర్టుకు వెళ్లాల్సి వస్తుంది.