మాత్రలు మానేసిన మా తమ్ముడి కొడుక్కి

చిరంజీవికి, కావలి నుంచి పెదనాన్న ఆశీస్సులు.

నాయనా, ఒంట్లో బాగానే ఉంది కదా అని రక్తపోటు మాత్రలు మానేశావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ నాన్న కూడా ఇదే మాట అన్నాడు. అప్పుడు నేను గట్టిగా అడ్డు చెప్పలేకపోయాను. ఆ తప్పు నీ దగ్గర మళ్ళీ చేయను.

ధమని అంటే రక్తం పారే గొట్టమని బళ్ళో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. గొట్టం అనే మాట దానికి చాలదు. దాని గోడలో మూడు పొరలుంటాయి. బయటిది ఆసరాగా నిలుస్తుంది. మధ్యదానిలో కండరమూ, సాగే నారలూ ఉంటాయి; గుండె కొట్టుకున్నప్పుడల్లా గోడ సాగి, తిరిగి ముడుచుకునేది వాటి వల్లే. లోపలి పొర మీద, రక్తం ఒరుసుకునే చోట, ఉండేది ఒకే ఒక్క వరుస కణాలు. కాపలా అంతా ఆ వరుసదే. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును పుట్టించి ధమనిని సడలిస్తుంది, రక్తాన్ని ఊరికే గడ్డకట్టనీయదు. ఈ సంగతి తేల్చినవారికి 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

పెన్నా నీళ్ళొచ్చే మన కాలువలో ఒండ్రు ఎక్కడ చేరుతుందో చిన్నప్పుడు నీకు చూపించాను. పాయలు చీలేచోట, మలుపు లోపలి పక్క, ఉరవడి తగ్గేచోట. ధమనుల్లోనూ కొమ్మలు చీలే చోట్లే పూడికకు అనువైనవి. అయితే ఇది గోడ మీద కాదు, గోడ లోపల పేరుకుంటుంది. ఎక్కువ రక్తపోటు, పొగ, చక్కెర వ్యాధి ఆ కణాల వరుసను దెబ్బతీస్తే చెడు కొలెస్ట్రాల్ లోపలికి దూరుతుంది. దాన్ని మింగడానికి వచ్చిన తెల్లకణాలూ అక్కడే చిక్కుకుపోతాయి. ఏళ్ళ తరబడి నొప్పి ఉండదు. ఒకనాడు ఆ పూడిక మీది పొర చిట్లి, రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. మీ నాన్నకు జరిగింది అదే. బాగానే ఉందన్న నీ మాటకు నేను భయపడేది అందుకే.

సిగరెట్టు తగ్గించానంటే ఒప్పుకోను, పూర్తిగా మానెయ్. ఉప్పు రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. నీ కంచంలో ఉప్పుచేప, ఊరమిరపకాయ, ఆవకాయ మూడూ ఒకే పూట కనిపిస్తాయి! చేపల పులుసు మానమని నేను అనను, అది నీకు మంచిదే. పులుసులో ఉప్పు తగ్గించమని అమ్మకు చెప్పాను. ఆఫీసులో రోజంతా కుర్చీకి అతుక్కుపోయే నీకు వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున చురుకైన నడక తప్పదు. నడిచేటప్పుడు రక్తం ఉరవడి పెరుగుతుంది, ఆ ఉరవడి తగిలే కొద్దీ లోపలి కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను ఎక్కువగా పుట్టిస్తాయి.

ఇవన్నీ చేస్తున్నానని మాత్ర మానకు. రేపే డాక్టరు దగ్గరకు వెళ్ళు, మాత్రలు ఆపిన సంగతి దాచకుండా చెప్పు. ఆదివారం పొద్దున రైలుకు నేను ఒంగోలు వస్తున్నాను. ఆయన రాసిచ్చిన చీటీ, రక్తపోటు అంకెలు వేసిన కాగితం తీసిపెట్టు, చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న